కెమెరా కొనేముందు భయపడితే తప్పా?

"నీకు ఫోటోలు తీసే కళ కావాలా, గ్యారంటీ కార్డు కావాలా? ముందు అది తేల్చుకో పాపా."

పోయిన నెల మా వీధి అన్న ఒకాయన నన్ను అడిగిన మాట ఇది. ఆయన బెంగళూరులో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేస్తాడు, శనివారం సాయంత్రం హోసూరికి వస్తాడు. మంచివాడే. పండగలకు మా వీధి పిల్లలందరికీ ఫోటోలు తీసి ఇస్తాడు. నేను కెమెరా కొనబోతున్నానని తెలిసి తానే పిలిచి మాట్లాడినాడు. నేను అడిగినవి మూడే ప్రశ్నలు. ఎన్నేళ్ళు పని చేస్తుంది, చెడిపోతే ఎవరు బాగు చేస్తారు, దానికి ఎంతవుతుంది. ఆయన చాలాసేపు రంగుల గురించీ లెన్సుల గురించీ చెప్పినాడు. నేను మళ్ళీ ఆ మూడే అడిగేసరికి నవ్వి ఆ మాట అన్నాడు. పక్కన కూర్చున్న మా అవ్వ కూడా నవ్వింది, ఏమి అర్థమైందో మరి.

ఆ రోజు నాకు జవాబు తోచలేదు. తల వంచుకొని ఇంట్లోకి వచ్చేసినాను. ఇప్పుడు తోచింది, కాబట్టి మన బడి పత్రికలో రాస్తున్నాను. అన్న చదువుతాడని నాకు తెలుసు. వాళ్ళ చెల్లెలు మన బడిలోనే ఎనిమిదో తరగతి.

నా జవాబు ఇది. గ్యారంటీ అడగడం పిరికితనం కాదు. మొదటి కెమెరా కొనేవాళ్ళు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే. జవాబు చెప్పకుండా అమ్మేవాళ్ళను చూసి నవ్వాలి గానీ, అడిగినవాళ్ళను చూసి కాదు.

అన్న ఆరేళ్ళలో మూడు కెమెరాలు మార్చినాడు. ఆయనకు ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుంది. మా ఇంట్లో లెక్క వేరు. అమ్మ నెలకు రెండు వేల చొప్పున ఇరవై నెలల చీటీ కట్టింది. అది వంటింటి పైన రేకులు మార్చడానికి మొదలుపెట్టిన చీటీ. వానాకాలంలో మేము వంటింట్లో రెండు చోట్ల గిన్నెలు పెడతాం. కెమెరా కొంటే ఆ గిన్నెలు ఇంకో ఏడాది అక్కడే ఉంటాయి. అమ్మ ఈ మాట ఒక్కసారి కూడా నాతో అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం. చివాట్లు పెట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో.

"ఫోన్ ఉంది కదా, చాలదా?" అని అడిగేవాళ్ళు పోయిన ఏడాది మన వార్షికోత్సవం ఫోటోలు ఒకసారి తీసి చూడండి. కోలాటం ఆడిన పన్నెండు మందిలో ముఖం తెలిసేది ముగ్గురిది. ఆ ఫోటోలు ఫోన్‌తో తీసింది నేనే. ఎండలో, దగ్గర్లో ఫోన్ చాలు. వెలుతురు లేని మంటపంలో, దూరాన, కదిలేవాళ్ళను తీయాలంటే చాలదు. దీని మీద ఇంతకంటే వాదన అక్కరలేదు.

నాకు కెమెరా కావలసింది సరదాకు మాత్రమే కాదు. మా మామకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళికూతురు గదిలో అలంకారం ఫోటోలు, సీమంతం ఫోటోలు తీయడానికి ఆడపిల్ల ఉంటే బాగుంటుందని చాలామంది అడుగుతారంట. రెండేళ్ళుగా సెలవుల్లో ఆయన వెంట పోయి లైటు పట్టుకుంటున్నాను, ఫ్లాష్ అందిస్తున్నాను. "పరీక్షలు అయినాక నీ సొంత కెమెరాతో వస్తే ఫంక్షన్‌కు వెయ్యి రూపాయలు ఇస్తాను" అన్నాడు మామ. చీటీ డబ్బు నలభై వేలు తిరిగి రావాలంటే నలభై ఫంక్షన్లు చేయాలి. ఒక్కో ఫంక్షన్‌కు ఆరేడు వందల ఫోటోలు తీస్తాం. ఏడు వందలని వేసుకుంటే ఇరవై ఎనిమిది వేల ఫోటోలు. అమ్మ డబ్బు అమ్మకు చేరేలోపు ఆ కెమెరా ఇరవై ఎనిమిది వేల సార్లు మారాం చేయకుండా పని చేయాలి. అన్నా, నేను అడిగిన గ్యారంటీ ఇదే. దీనికి కళతో తగాదా ఏముంది?

అసలు ఈ భయం నాకు ఎక్కడ అంటుకుందో చెబుతాను.

రెండేళ్ళ కిందట కృష్ణగిరి పక్కన ఒక పెళ్ళి. తెల్లవారుజామున ముహూర్తం. మామ ఆ కెమెరాను ఒక అంగడిలో బిల్లు లేకుండా కొన్నాడు, నాలుగు వేలు తక్కువకు వచ్చిందని. పద్నాలుగు నెలలు ఏ తంటా లేకుండా పని చేసింది. ఆ రోజు గట్టిమేళం మొదలైంది, పెళ్ళికొడుకు తాళి ఎత్తినాడు, అందరూ అక్షింతలు పట్టుకొని లేచినారు. మామ మీట నొక్కినాడు. కెమెరా లోపల ఏదో కరకరమని, వెనక తెరమీద తప్పు అని చూపించి ఆగిపోయింది. బ్యాటరీ తీసి వేసినాడు. మళ్ళీ అంతే. సంచిలోంచి పాత కెమెరా తీసి, లెన్సు తగిలించి, కన్ను పెట్టేసరికి మూడు ముళ్ళూ పడిపోయినాయి. నేను లైటు పట్టుకొని నిలబడి అంతా చూసినాను. పెళ్ళికూతురి నాయన అరవలేదు. దగ్గరకు వచ్చి మెల్లగా అడిగినాడు: "ఏమప్పా, తీసి మళ్ళీ కట్టమని చెప్పాలా?"

ఆ ఇంటివాళ్ళ దగ్గర తాళి కట్టే ఫోటో ఒకటే ఉంది. చుట్టం ఎవరో ఫోన్‌తో తీసింది. దాంట్లో పురోహితుని మోచెయ్యి బాగా కనబడుతుంది.

మామ అడ్వాన్సు తిరిగి ఇచ్చేసినాడు. కెమెరాను బెంగళూరు సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే, బిల్లు లేదు, ఇది మన దేశంలో అమ్మకానికి వచ్చినది కాదు, వారంటీ చెల్లదు అన్నారు. డబ్బు కట్టి బాగు చేయించుకోవడానికి ఐదు వారాలు పట్టింది. పోయింది షట్టరు.

షట్టరు అంటే ఏమిటో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. సెన్సరు ముందర పల్చని రేకులు రెండు వరసలుగా ఉంటాయి. మీట నొక్కితే ఒక వరస తెరుచుకుంటుంది, దాని వెనకే రెండోది వచ్చి మూస్తుంది. రెండింటి మధ్య సందులోంచి వెలుతురు పడుతుంది. మామూలు కెమెరాలోనే ఇది సెకనులో నాలుగు వేల వంతు వరకు వేగంగా జరుగుతుంది. స్ప్రింగులు, చిన్న మోటారు, పళ్ళ చక్రాలు, అన్నీ కదిలే భాగాలే. సైకిల్ చైను అరిగినట్టే అదీ అరుగుతుంది. ఈ మధ్య వస్తున్న అద్దం లేని కెమెరాల్లో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు కూడా ఉంటుంది, దానికి ఈ అరుగుదల లేదు. కానీ ఫ్లాష్ వాడేటప్పుడూ, వేగంగా కదిలేవాళ్ళను తీసేటప్పుడూ చాలా కెమెరాల్లో పాత పద్ధతికే రావాలి.

కంపెనీలకు ఈ అరుగుదల తెలియక కాదు. వాళ్ళు యంత్రంతో లక్షల సార్లు నొక్కించి పరీక్ష చేస్తారు. కేనన్ ఐదు డీ మార్క్ త్రీ అనే కెమెరాకు 1,50,000 సార్లు, నికాన్ డీ850కి 2,00,000 సార్లు, కేనన్ వన్ డీ ఎక్స్ మార్క్ త్రీకి 5,00,000 సార్లు అని కంపెనీలే చెప్పుకున్నాయి. ఇవన్నీ లక్షల రూపాయల కెమెరాలు, పత్రికలవాళ్ళూ పెద్ద స్టూడియోలవాళ్ళూ కొనేవి. మరి మాలాంటివాళ్ళు కొనే చిన్న కెమెరాల సంగతి? కొన్నింటికి లక్ష అని చెబుతారు, చాలావాటికి ఏమీ చెప్పరు. ఇంకో కెమెరా కొనే శక్తి ఉన్నవాళ్ళకు అంకె చెబుతారు, ఒక్కదానితోనే బతకాల్సినవాళ్ళకు చెప్పరు. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

డబ్బా మీద మెగాపిక్సెళ్ళు ఎన్నో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వీడియో గురించి ఉంటుంది, వైఫై గుర్తు ఉంటుంది. షట్టరు ఎన్నిసార్లకు పరీక్షించినారో ఉండదు. విడి భాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో ఉండదు. షట్టరు మార్చడానికి ఎంతవుతుందో ఉండదు. మన ఇంట్లో ఫ్యాన్ చూడండి. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద నక్షత్రాల కాగితం అంటించడం తప్పనిసరి అయింది. కరెంటు ఎంత తింటుందో కొనకముందే తెలిసిపోతుంది. ఫ్రాన్స్ దేశంలో 2021 నుంచి ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల మీద బాగుచేయడం ఎంత సులభమో పదికి ఇన్ని అని మార్కు వేసి చూపించాలని చట్టం పెట్టినారు. మన దేశంలో కూడా కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ మొదలుపెట్టింది. దారి ఉంది. కెమెరా డబ్బా మీద ఒక అంకె అచ్చు వేయడం పెద్ద కష్టం కాదు.

నేను ఈ మాట చెబితే మా బడిలో ఒక సారు అన్నారు: "ఇంత ఆలోచన ఎందుకమ్మా, పెద్ద కంపెనీది చూసి కొనేయ్, అయిపోయింది." సారు మీద గౌరవంతోనే చెబుతున్నాను, అయిపోలేదు.

నికాన్ పాత కంపెనీ, పెద్ద కంపెనీ కదా? 2012లో వాళ్ళు డీ600 అనే కెమెరా తెచ్చినారు. కొత్త కెమెరాల్లోనే ఫోటో మీద నల్లని చుక్కలు పడసాగినాయి. సెన్సరు మీద దుమ్ము, నూనె మరకలు. 2013 ఫిబ్రవరిలో కంపెనీ, చుక్కలు పోకపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి అని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో దాదాపు అలాంటిదే డీ610 అని ఇంకొకటి తెచ్చింది. ముందుది కొన్నవాళ్ళ కడుపు ఎంత మండి ఉంటుందో! 2014 ఫిబ్రవరిలో గానీ, వారంటీ అయిపోయినా సరే ఉచితంగా బాగు చేస్తాం, అవసరమైతే షట్టరు మారుస్తాం అని ప్రకటించలేదు. తరువాతి నెలలో చైనాలో టీవీలో దీని మీద కార్యక్రమం వచ్చి, షాంఘై అధికారులు ఆ కెమెరా అమ్మకం ఆపమన్నారు.

అంతకుముందు 2005లో ఇంకా పెద్దది జరిగింది. సోనీ తయారు చేసిన సీసీడీ సెన్సర్లు కొన్ని, వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట చెడిపోతున్నాయని బయటపడింది. ఆ సెన్సర్లు సోనీ కెమెరాల్లోనే కాదు, కేనన్, నికాన్, ఫ్యూజీ లాంటి వేరే పేర్లున్న కెమెరాల్లో కూడా ఉన్నాయి. బయట పేరు ఏదైనా లోపల గుండె ఒకటే. వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట అన్నప్పుడు నాకు ఐస్ దేశం గుర్తుకు రాదు, మన చెన్నై గుర్తుకు వస్తుంది.

ఈ రెండు కథల్లోనూ కంపెనీలు చివరికి ఉచితంగా బాగు చేసినాయి, ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది. పెద్ద కంపెనీ అంటే తప్పు చేయని కంపెనీ కాదు, తప్పు చేస్తే నిలదీయడానికి ఒక అడ్రసు ఉన్న కంపెనీ. అందుకే మామ కెమెరాకు జరిగినట్టు బిల్లు లేకుండా కొంటే, పెద్ద పేరు మనకు ఏ పనికీ రాదు. ఆ అడ్రసు కూడా ఎప్పటికీ ఉంటుందని లేదు. కోనికా మినోల్టా 2006లో కెమెరాలు వదిలేసింది. శామ్‌సంగ్ 2014లో ఎన్ఎక్స్1 అనే గొప్ప కెమెరా తెచ్చి, కొన్నేళ్ళకే ఆ వ్యాపారమే మానుకొంది. ఒలింపస్ 2021లో తన కెమెరా వ్యాపారాన్ని వేరేవాళ్ళ చేతిలో పెట్టింది. ఇవన్నీ తెలుసుకున్నాక నేను ఒకటి నిర్ణయించుకున్నాను. వచ్చిన నెలలోనే కొత్త మోడల్ కొనను. రెండు మూడేళ్ళుగా జనం వాడి, దాని తప్పులు బయటపడి, వాటికి మందు దొరికినదే కొంటాను. కొత్తదనానికి మురిసిపోయే ఓపిక మా చీటీకి లేదు.

ఈ తెలివి నాకు కెమెరాల గురించి చదివి వచ్చిందని అనుకున్నాను. కాదు, అమ్మ దగ్గర ముందే ఉంది. పోయిన ఏడాది కుక్కర్ కొనడానికి పోయినాం. అంగడివాడు మెరుపు చూపిస్తాడు, అడుగు మందం చూపిస్తాడు. అమ్మ ఒకటే అడిగింది: "దీనికి గాస్కెట్టు, విజిల్ మన ఊర్లో దొరుకుతాయా?" మిక్సీ అయితే జారు కింద కప్లరు ఎక్కడ మారుస్తారో తెలుసుకోకుండా కొనదు. పదేళ్ళ కిందటి మిక్సీ ఇంకా మా ఇంట్లో గొణుక్కుంటూ తిరుగుతూనే ఉంది. అమ్మను ఎవరూ, నీకు వంట కావాలా, గాస్కెట్టు కావాలా అని అడగలేదు. గాస్కెట్టు లేకపోతే ఆ పూట వంట లేదు. అది అందరికీ తెలుసు. కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఆ మామూలు తెలివిని ఎందుకు తక్కువగా చూస్తారో నాకు తెలియదు.

పోయిన నెల రెండో ఆదివారం నాయన, నేను బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయినాం. నాలుగు అంగళ్ళు తిరిగినాం. మూడో అంగడిలో వాడు మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, కన్నడంలో మొదలుపెట్టి, మధ్యలో హిందీకి మారి, చివరికి తెలుగులోకి వచ్చినాడు. అంత ప్రేమ చూపిస్తుంటేనే నాకు అనుమానం వచ్చింది.

"బిల్లుతో అయితే నలభై రెండు. బిల్లు వద్దంటే ముప్పై ఎనిమిదికి ఇస్తా. సరుకు అదే సార్."

"చెడిపోతే?" అన్నాడు నాయన.

"నా దగ్గరికి తీసుకురండి. నేను చూసుకుంటా. నమ్మకం ఉండాలి సార్, నమ్మకం మీదనే వ్యాపారం."

"నమ్మకం ఉంటే ఆ మాట కాగితం మీద రాసి ఇయ్యప్పా" అన్నాడు నాయన.

వాడు నవ్వి వేరే గిరాకీ వైపు తిరిగినాడు. మా నాయన కంపెనీలో ఫస్టు షిఫ్టు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఆ ఒక్క మాట విని నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఒక అంగడిలో వారంటీ కార్డు చదవనిచ్చినారు. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. తెలుగు మీడియం పిల్లను, డిక్షనరీ లేకుండా సగమే అర్థమైంది. నాయన తమిళం, కన్నడం బాగా మాట్లాడతాడు గానీ ఇంగ్లీషు చదవలేడు. కింద పడితే చెల్లదు, నీళ్ళు పోతే చెల్లదు, ఇసుక పోతే చెల్లదు, బూజు పడితే చెల్లదు. కొనేవాళ్ళకు అర్థమయ్యే భాషలో రాయనిది షరతు ఎట్లా అవుతుంది? తమిళనాడులో అమ్మే వస్తువుకు తమిళంలో, కర్ణాటకలో అమ్మేదానికి కన్నడంలో ఒక్క కాగితం పెట్టలేరా? తెలుగులో కూడా పెట్టమని అడగడానికి నాకు నోరు రావడం లేదు, మనం ఇక్కడ కొద్దిమందిమే కదా. అయినా అడుగుతున్నాను. ప్రభుత్వం నడిపే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగుతో కలిపి పదిహేడు భాషల్లో మాట్లాడతారు. వాళ్ళకు చేతనైనది కంపెనీలకు ఎందుకు చేతకాదు?

ఇంత వాదించినాక నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మధ్యలో మూడు వారాలు నాకు పిచ్చి పట్టినట్టు అయింది. ఏ కెమెరా పేరు చూసినా, దానిలో ఏమి చెడిపోతుంది అని వెతకడమే పని. ఒకదానికి లెన్సు, ఒకదానికి తెర, ఒకదానికి మీట. ప్రతిదాన్నీ ఎవరో ఒకరు తిట్టినారు. లెక్కల ఇంటి పని కూడా రెండుసార్లు ఎగ్గొట్టినాను. అమ్మ చూసి చూసి అంది, "ఇట్లా వెతికితే బియ్యం కూడా కొనలేవే." నిజమే. కెమెరా చెడిపోయినవాడు కోపంతో నాలుగు పేజీలు రాస్తాడు. బాగున్నవాడు రాయడు, ఫోటోలు తీసుకుంటూ ఉంటాడు. తిట్లు లెక్కపెడితే ఎక్కువ అమ్ముడుపోయిన కెమెరాయే అన్నిటికంటే చెడ్డదిగా కనబడుతుంది. నేను భయపడింది తప్పు కాదు, దానిని పెట్టుకున్న చోటు తప్పు.

మామ స్టూడియోలో బాగుచేయడానికి పోయినవాటి లెక్క అడిగినాను. పన్నెండేళ్ళలో ఆయనకు గుర్తున్నవి తొమ్మిది. షట్టరు పోయినవి రెండు. మిగిలిన ఏడూ మనుషులు చేసుకున్నవే. రెండుసార్లు కింద పడేసినారు. ఒకసారి చంద్రచూడేశ్వరుని తేరు రోజు, అంత దుమ్ములో లెన్సు మార్చినాడు మామే. మూడు లెన్సులకు బూజు పట్టింది, తోలు సంచిలో పెట్టి వానాకాలమంతా బీరువాలో మరిచిపోయినందుకు. ఇంకొకటి బ్యాటరీ లోపలే కారిపోయిన ఫ్లాష్. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, దాంట్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, ఇంతటితో ఆ మూడు లెన్సులూ బతికి ఉండేవి. మెమరీ కార్డుల సంగతి చెప్పనే లేదు. దొంగ కార్డులు పైకి 64 జీబీ అని చూపించి లోపల పావు వంతు కూడా ఉండవు. నిండిన తరువాత తీసిన ఫోటోలు గాలికి పోతాయి. కొన్న రోజే కార్డు నిండా ఏదో ఒకటి ఎక్కించి, మళ్ళీ తెరిచి చూడాలని మామ నేర్పించినాడు.

కాబట్టి అన్నా, నేను కెమెరా నుంచి ఎప్పటికీ చెడిపోని వరం అడగడం లేదు. అది ఏ అంగడిలోనూ దొరకదు. అమ్మేవాడి వంతు ఎంత, నా వంతు ఎంత అని అడుగుతున్నాను. నా వంతు డబ్బా, సిలికా జెల్, మెడలో పట్టీ, దుమ్ములో లెన్సు మార్చకపోవడం. అది నేను చేస్తాను. కంపెనీ వంతు ఏమిటో డబ్బా మీద రాయమని అడిగితే కళ తెలియనిదాన్ని అయిపోతానా? ఆ రోజు మామ తాళి కట్టేటప్పుడు సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడినాడు. వెలుతురు, కోణం అన్నీ చూసుకున్నాడు. కళలో లోపం ఏమీ లేదు.

ఇప్పుడు మా ముందు రెండు దారులు ఉన్నాయి. నలభై రెండు వేలకు బిల్లుతో కొత్తది ఒకటి. మిగతా రెండు వేలు మామ ముందుగా ఇస్తానన్నాడు. లేదా మామకు తెలిసిన ఒకాయన దగ్గర ఇరవై ఆరు వేలకు వాడినది, పాత బిల్లుతో సహా. అది ఇప్పటికి పంతొమ్మిది వేల ఫోటోలు తీసిందని ఆయన చెప్పినాడు. కొన్ని కంపెనీల కెమెరాలు ప్రతి ఫోటోతో పాటు ఆ అంకెను లోపల రాసిపెడతాయి, అదృష్టవశాత్తూ ఇది అలాంటిదే. కొత్తగా ఒక ఫోటో తీసి చూస్తే ఆయన చెప్పింది నిజమో కాదో తేలిపోతుంది. దానికి లక్ష అనుకున్నా, నాకు కావలసినవి ఇరవై ఎనిమిది వేలే. వాడినది కొంటే మిగిలిన పద్నాలుగు వేలతో రేకుల్లో సగమైనా మార్చవచ్చని నాయన అంటున్నాడు. వాడినది వద్దు, ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో అని అమ్మ అంటుంది. మిక్సీ విషయంలో అంత ధైర్యం ఉన్న అమ్మ ఇక్కడ భయపడుతోంది. ఈసారి నేను నవ్వలేదు. బిల్లు చదివి వినిపించినాను.

వచ్చే ఆదివారం పొద్దున ఆయన ఇంటికి పోతున్నాం, మామ, నాయన, నేను. కెమెరా చేతికి ఇచ్చి అరగంట చూసుకోనిస్తే సరే. బిల్లు మీద నంబరూ, కెమెరా కింద నంబరూ ఒకటే కాకపోతే ఉత్త చేతులతో తిరిగి వస్తాం. అన్న కూడా ఆ రోజు ఊర్లోనే ఉంటే మాతో రావచ్చు. ఫోటో బాగా వచ్చిందో లేదో ఆయన చూడనీ, నేను అంకె చూస్తాను.